కంజీర బిళ్ళల చప్పుడు

మదనపల్లెకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తల్లో నాకు పెద్ద ఫైళ్ళ పిచ్చి పట్టుకుంది. ఎంపీత్రీలో సంగీతాన్ని పిండి పిప్పి చేస్తారనీ, ఈ పెద్ద ఫైళ్ళలో మాత్రం వాయించింది వాయించినట్టు ఉంటుందనీ ఇంటర్నెట్‌లో చదివాను. ఒక వయొలిన్ కచేరీ డౌన్‌లోడ్ కావడానికి రెండు రోజులు పట్టింది. కంప్యూటరుకూ యాంప్లిఫయరుకూ మధ్య పెట్టే డబ్బాను బెంగళూరు నుంచి తెప్పించుకున్నాను. స్పీకర్ల ముందు కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని విన్నాను. తర్వాత అదే కచేరీ ఎంపీత్రీలో విన్నాను.

నాకేమీ తేడా తెలియలేదు.

వైర్లు మార్చాను. కుర్చీ ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా అని రాసినవాళ్ళందరినీ తిట్టుకున్నాను. తొంభైల్లో పుంగనూరులో మైక్‌సెట్ నడిపినవాణ్ణి, నా చెవికే అందని తేడా ఇంకెవరికి అందుతుందని నా పొగరు. పెళ్ళయినా జాతరయినా మా హారన్లే మోగేవి. స్తంభమెక్కి, మోగుతున్న హారన్ నోట్లోకి చెవి పెట్టి, లోపల మోగే యూనిట్ పోయిందో లేదో క్షణంలో చెప్పేసేవాణ్ణి. ఊళ్ళో నాకంత పేరు.

మళ్ళీ పెద్ద ఫైలు పెట్టాను. బియ్యం ఏరుతున్న మా ఆవిడ చేట పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

“ఇది బాగుండాదయ్యా. ఇందాకటి దాంట్లో ఆ కంజీర బిళ్ళలు ఊరికే సర్రుమంటా ఉండె. దీంట్లో ఒక్కోటి గల్లుమంటాండాది.”

“ఏ బిళ్ళలు?”

కంజీర మీద పడే చేతి దెబ్బ నాకు వినబడుతోంది. దాని చట్రానికుండే బిళ్ళలు మాత్రం లేవు.

“అదో, మళ్ళా. ఇనపళ్ళేదా?”

“వింటాండానులే” అని కసిరాను.

నాకంతా అయోమయంగా ఉంది. ఫైలు మంచిదైతే నాకెందుకు తెలియదు? మంచిది కాకపోతే ఈమెకెలా తెలిసింది? ఆలోచించి ఆలోచించి, స్పీకర్లే ఒకసారి పలికి ఇంకోసారి పలకడం లేదని తేల్చుకున్నాను.

మైక్‌సెట్ రోజుల్లో నేను స్తంభాలెక్కుతుంటే కింద యాంప్లిఫయరు దగ్గర కూర్చున్న నా జోడీ, అప్పటికి కుప్పంలో రిపేరు షాపు పెట్టుకున్నాడు. స్పీకరొకటి దుప్పట్లో చుట్టి, కచేరీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కాను.

అతను స్పీకరు వెనక పలక ఊడదీసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, తను దాని వెనక నిలబడ్డాడు. కచేరీ పెట్టాక కంజీర వంతు వచ్చింది.

“ఎట్లుండాదన్నా?”

“మామూలే.”

“ఇప్పుడు?”

“అట్లే ఉండాది.”

“ఇప్పుడు?”

“అదే కదప్పా. యాల ఇన్నిసార్లు అడుగుతాండావు?”

అతను చెయ్యి పైకెత్తాడు. సన్నని ధ్వనులన్నీ పలికే పైస్పీకరు వైరు అతని వేళ్ళ మధ్య ఉంది.

“ఒకసారి తగిలిస్తిని, ఒకసారి పీకేస్తిని. నీకు రెండూ ఒకటే అంటాండావు.” నా ముఖం చూడకుండా వైరు మళ్ళీ తగిలిస్తూ అన్నాడు, “స్పీకరు సక్కంగా ఉండాదన్నా.”

తిరుగు బస్సులో స్పీకరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు భయమేసింది. చెవి పోతే అంతా నిశ్శబ్దం కావాలి కదా. ఇంజను మోత వినబడుతోంది, కండక్టరు కేకలు వినబడుతున్నాయి. మరి ఏది పోయింది, ఎప్పుడు పోయింది? నాకు వినబడనిది ఏమేముందో నన్ను నేను ఎలా అడుక్కోవాలో అర్థం కాలేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ, “రిపేరయిందా?” అంది.

“స్పీకరు బాగానే ఉండాది. నా చెవే పోయిండాది.”

వేళాకోళమనుకుని నవ్వింది. నా ముఖం చూసి నవ్వాపేసింది.

“అన్నం పెట్టేదా?” అంది. అంతలోనే ఏం తోచిందో దగ్గరికి వచ్చి, నా చెవి పక్కన వంగి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా అరిచింది. “అన్నం... పెట్టేదా?”

నాకు మొదటిసారే వినబడింది. ఆ సంగతి చెప్పకుండా తల ఊపాను.