సాలూరు బస్సులో పులి

బస్సు కిటకిటలాడితే, కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల పిల్లల్ని ఒళ్లోకి లాక్కోవడం మా సాలూరు వైపు మర్యాద. ఆ రోజు నా సీటు పక్కనే ఒక ముసలమ్మ, ఏడేళ్ల మనవరాలు నిలబడ్డారు. ఘాట్ రోడ్డులో మా లారీ క్యాబిన్‌లోకి పులి దూకిన వైనం నేను పక్కాయనకి చెబుతున్నాను. పిల్ల చెవులు రిక్కించింది. కథ ఆపకుండానే చేతులు చాపాను.

"రాయే బుల్లీ, ఒళ్లో కూకో."

పిల్ల బిగుసుకుపోయింది. ముసలమ్మ వంగి, "కూకుంటావేటే?" అని దాన్నడిగింది.

"పిల్లనడగడమేటే అప్పా? కూకోబెట్టీ!" అని వెనక నుంచి ఎవరో కసిరారు. ముసలమ్మ తొందరపడలేదు.

"నాను కూకోను," అంది పిల్ల, గట్టిగానే.

నా మొహం మాడింది. ముసలమ్మ కళ్లు మాత్రం చెమర్చాయి. నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది.

"ఏటనుకోకు బాబూ. సుట్టమే, ఒళ్లో కూకోబెట్టుకొని సేయరాని పని సేసాడు. జైల్లో ఉన్నాడు. అప్పట్నుంచి దీనికి మాటే నేదు. ఒద్దని నోరిప్పి సెప్పడం ఇదే మొదలు."

లేచి ముసలమ్మని కూర్చోబెట్టాను. పిల్ల ఆమె ఒళ్లో సర్దుకుంది. పులి కథ మధ్యలోనే వదిలేసి, పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి పిల్లే తలెత్తింది.

"మరి పులో?"

"తలుపు కొట్టి, రావొచ్చా అనడిగింది. ఒద్దన్నాను. ఎల్లిపోనాది."

"ఒద్దంటే ఎల్లిపోనాదా? నిజంగా?"

జన్మంతా కోతలు కోసినవాణ్ణి. దానికి అవునని తలూపడానికి మాత్రం చాలాసేపు పట్టింది.