ఆదివారం పడని వాన

ఆ రోజుల్లో మల్కాపురంలో కాపురం ఉన్నవాళ్ళకి రేవులో ఓడకి ఇనుప ఖనిజం ఎక్కిస్తున్నారో లేదో ఒకరు చెప్పక్కర్లేదు. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట తెల్లగానే ఉంటే పని లేదని, ఎగిరొచ్చిన ఖనిజం దుమ్ముతో ఇటుక రంగుకి తిరిగితే పని జోరుగా ఉందని అర్థం. (పౌడరు రాసుకుని బయల్దేరిన ఆడపిల్ల బస్టాపు చేరేసరికి గులాబీ రంగుకి వచ్చేది. అదీ ఒక అందమే అనుకునేవాళ్ళం.)

అప్పుడు నేనొక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుని, ఇంకా టెంపరరీ. ఓడ ఎప్పుడొచ్చింది, లోడింగ్ ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఆగింది, ఇవన్నీ కాగితం మీద కొట్టడం నా పని. ఓడ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు రేవులో నిలిచిపోతే సరుకువాళ్ళు జరిమానా కట్టాలి. వాన వల్ల పని ఆగితే మాత్రం ఆ టైము లెక్కలోకి రాదు. అందుకని వాళ్ళకి వానంటే మహా ఇష్టం. మా మేనేజరుగారిని మేం చాటుగా అడ్మిరల్ అనేవాళ్ళం. కళ్ళు తిరుగుతాయని ఆయన ఏనాడూ ఓడ మెట్లెక్కిన పాపాన పోలేదు. ఒక సోమవారం పొద్దున్న ఆయన సరుకువాళ్ళ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్న మధ్యాన్నం నుంచీ వానమ్మా, లోడింగ్ బంద్. కొట్టు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నిజం మీద ప్రేమతో కాదు లెండి. మొదటి జీతంతో కొనుక్కున్న తెల్ల వాయిల్ చీర ఆదివారం మధ్యాహ్నం ఉతికి ఆరేస్తే సాయంత్రానికి కాషాయమైపోయింది. "ఓలమ్మో, సన్నాసుల్లో కలిసిపోతావేటే!" అని మా అమ్మ నవ్వింది కూడా.

"నిన్న వాన నేదు సార్" అన్నాను.

"నీకేటి తెలుసు? మీ ఇంటికాడ పడలేదేమో, రేవులో పడింది."

"వాన పడితే ఖనిజం గుట్ట తడిసిపోద్ది కద సార్, దుమ్ము లెగదు. మరి నా సీరకీ రంగెక్కడిది?"

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, ఆ చీర తెచ్చి ఆయన బల్ల మీద పరిచాను. సరుకువాళ్ళ మనిషి టీ గ్లాసు ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగాడు. "చీర కూడా రికార్డేనా? కొడతావా, రేపట్నుంచి మానేస్తావా?" అన్నారు అడ్మిరల్. ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అయినా నోరు ఆగలేదు.

"మానీమంటే మానేత్తాను సార్. వాన మాత్రం కొట్టను."

ఆఫీసులో టైపు వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. సాయంత్రం ఓడ బయల్దేరాలి, ఆ కాగితం లేకుండా కదలదు. ఆయన గడియారం చూశారు, నన్ను చూశారు, చీర చూశారు. "ఎండే కొట్టమ్మా తల్లీ!" అని అరిచారు. కొట్టాను. మర్నాడు అదే చీర కట్టుకుని మరీ ఆఫీసుకెళ్ళాను. దాంతో నా పేరు ఎండమ్మగా స్థిరపడింది. పర్మనెంటు ఆర్డరు మాత్రం చాలాకాలం తొక్కిపట్టారు.

తర్వాత్తర్వాత ఆ మేనేజరు కుర్చీలో నేనే కూర్చున్నాను. పైనుంచి ఫోనొస్తే "అలాగే సార్, చూద్దాం సార్" అనడం నాకూ బాగానే వంటబట్టింది. అప్పుడప్పుడు ఆనాటి టైపిస్టు పిల్ల నా గదిలోకి దూసుకొచ్చినట్టు ఊహించుకుంటాను. కూర్చోమంటే కూర్చోదు. నన్ను కూడా "సార్" అనే పిలుస్తుంది.