లమిసి పెద్దమ్మ గీసిన కొండచిలువ

అయంపోక మా ఘనా దేశంలోని బొల్గతంగా పట్నం బజార్లో దుకాణాల బోర్డులు రాస్తుంది. మంగలి కొట్టుకి తలకాయలు, కుట్టుమిషన్ కొట్టుకి గౌన్లు, ఏదైనా ఒక్క పూటలో వేసిచ్చేస్తుంది. అసలు గోడ మీద బొమ్మ వెయ్యడం ఆమెకి నేర్పింది మాత్రం మా ఊరి లమిసి పెద్దమ్మ.

మొన్న ఎండాకాలం ముసలాళ్ళూ పిల్లలూ కలిసి ఊరి ఆసుపత్రి గోడకి మన ముగ్గులు వెయ్యాలనుకున్నారు. అయంపోక కూడా బజారు పని మానుకుని వచ్చింది. లమిసి ఎర్రమట్టి నూరింది, రంగు నిలవడానికి దవదవ చెట్టు కాయల తొక్కలు మరగబెట్టింది, ఆడపిల్లల చేత రాళ్ళతో గోడంతా నున్నగా రుద్దించింది. గుమ్మం పైన కొండచిలువని మాత్రం తనే గీసింది. ఎనభై ఏళ్ళ చెయ్యి. చూపు కూడా ఆనదు. పాము నడుం దగ్గర గీత వంకరటింకరగా పోయింది.

మర్నాడు జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు. అయంపోకకి సిగ్గేసింది. అందరూ సంకటి తినడానికి వెళ్ళిన సమయం చూసి, బోర్డులకి వాడే నల్లరంగు తెచ్చి ఆ గీత మీదే తిన్నగా ఇంకో గీత లాగేసింది.

వచ్చినవాళ్ళు పాముని తెగ మెచ్చుకున్నారు. "నా చెయ్యింకా చచ్చిపోలేదన్నమాట" అని లమిసి మురిసిపోయింది. కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంది. పక్కనే నిలబడి అయంపోక కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యమేస్తుందని తర్వాత నాతో అంది.

వారం తిరక్కుండానే వెళ్ళి నిజం చెప్పేసింది. లమిసి చిక్కుడుగింజలు వలుస్తోంది. విన్నాక కూడా చెయ్యి ఆపలేదు.

"వంకరపోయిందని నాతో చెప్పకపోయావా?" అంది. "చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని దిద్దించాను కదే. నా చెయ్యి పట్టుకోడానికి నీకేమొచ్చింది?"

"తప్పయిపోయింది. మళ్ళీ గీద్దాం రా, పెద్దమ్మా."

"ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రానూ?"

అయంపోక ఆ రంగంతా కత్తితో గీకేసింది. చేసింది తనేనని నీళ్ళ బోరు దగ్గర ఆడవాళ్ళందరి ముందూ ఒప్పుకుంది. కొందరు మొహం మీదే తిట్టారు. నెల తర్వాత లమిసి వచ్చి పీట మీద కూర్చుని, పాముని తన మనవరాలి చేత గీయించింది.

ఇప్పటికీ ఏ గోడ మొదలెట్టినా అయంపోక ముందు ఆమెకే కుంచె అందిస్తుంది. "పిల్లలకియ్యమ్మా" అంటుంది లమిసి మెత్తగా.

ఒక్కసారి గట్టిగా తిట్టినా బాగుండేదంటుంది అయంపోక.