బొట్టుబిళ్ళలు అంటించిన టీకా కార్డులు

పుప్పాలగూడలో మేముండే చోట ముప్పై అంతస్తుల బిల్డింగు లేస్తోంది. మా ఆయన అక్కడ వాచ్‌మన్. వెనకవైపు రేకుల గదుల్లో ఉండే ఆడవాళ్ళు పొద్దున్నే పనికి పోతారు కాబట్టి వాళ్ళ పసిపిల్లలు సాయంత్రం దాకా నా దగ్గరే ఉంటారు. ఎవరికి ఉగ్గు పడదో, ఎవరు బొజ్జ మీద పడుకుంటే తప్ప నిద్రపోరో అడగండి, చెబుతాను. కాగితాల సంగతి మాత్రం అడగకండి.

పిల్ల పుట్టగానే దవాఖానలో ఒక టీకాల కార్డు ఇస్తారు. ఏ సూది ఎప్పుడు వేశారో, తర్వాతది ఎప్పుడో అందులో రాస్తారు. రేకుల గదిలో కాగితం బతకడం కష్టం. ఒకామె కార్డు వానకి తడిసి ముద్దయింది. ఇంకొకామెది ఎలుకలు తినేశాయి. మరొకామె కార్డు మీద వేడి గిన్నె దించి, నల్లటి గుండ్రంలో రెండు నెలల సూదుల్ని కాల్చేసింది. బుధవారం బుధవారం మా దగ్గరికి వచ్చే నర్సమ్మ ఇదంతా చూసి తల పట్టుకుంది. సరే, అందరివీ నాకివ్వండని ఒక స్వీటు డబ్బాలో పెట్టాను. డబ్బా మా గదిలో అటక మీద ఉండేది.

నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. అచ్చక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. నర్సమ్మ చేతిరాత మాత్రం నా వల్ల కాదు. అందుకని ప్రతి తల్లినీ నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి తన కార్డు మీద అంటించమన్నాను. ఆడవాళ్ళు పెట్టుకునే బిళ్ళ రకం తొందరగా మార్చరు. ముఖం చూస్తే కార్డు దొరికేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ పిల్లల్లో ఇద్దరు ఆడపిల్లలు పది రోజుల తేడాతో పుట్టారు. ఒకళ్ళు నల్లగొండవాళ్ళ పిల్ల, ఇంకొకళ్ళు పాలమూరువాళ్ళ పిల్ల. రెండిళ్ళవాళ్ళూ ఒకే అమ్మవారిని కొలుస్తారేమో, ఇద్దరికీ ఒకటే పేరు పెట్టారు. నేను వాళ్ళని ఊళ్ళతోనే పిలిచేదాన్ని. నల్లగొండ తల్లిది రూపాయంత ఎర్రబిళ్ళ. పాలమూరు తల్లిది సన్నటి నల్లగీత.

ఎండాకాలంలో రేకుల కింద డబ్బా పొయ్యి మీద పెట్టినట్టు కాగింది. ఒకరోజు మూత తీస్తే బిళ్ళలు కొన్ని ఊడి అడుగున పడి ఉన్నాయి. నాకు అన్నీ గుర్తే కదా అన్న ధీమాతో, అన్నం మెతుకు నలిపి ఎవరివి వాళ్ళకి అంటించాను. ఎవరివి వాళ్ళకే అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక బుధవారం. పక్క వరసలో ఒక పిల్లవాడికి తట్టు లేచి నాలుగు రోజులైంది. ఒళ్ళంతా ఎర్రగా పేలి, కళ్ళు తెరవలేకపోతున్నాడు. వాళ్ళమ్మ గుమ్మానికి వేపాకు కట్టింది. నర్సమ్మ ఆ పొద్దున వెళ్ళి చూసి, వాణ్ణి పెద్ద దవాఖానకి పంపించి, మిగతా పిల్లలందరి కార్డులూ తెమ్మంది. మా షెడ్డు కింద స్టూలు మీద కూర్చుని ఒక్కో కార్డూ తిప్పుతోంది. నల్లగొండ పిల్ల నా ఒళ్ళో ఉంది.

"ఈ పిల్లకు తొమ్మిది నెలల తట్టు సూది పడలేదు గదా పెద్దమ్మా" అంది.

"పడ్డది నర్సమ్మా. నేనే పట్టుకున్న. నీ చెవి కమ్మ పట్టి గుంజింది, యాది లేదా?"

నర్సమ్మ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. "అవును, రెండు రోజులు వాచింది. మరి కార్డుల ఎందుకు లేదు?" అని, "ఈ పిల్ల తల్లి పేరేంది?" అని అడిగింది. చెప్పాను. కార్డు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది వేరే తల్లి పేరు."

ముందుకు వంగి చూశాను. కార్డు మీద రూపాయంత ఎర్రబిళ్ళ ఉంది, లోపల పాలమూరు తల్లి పేరుందట. నల్లగీత అంటించిన ఇంకో కార్డు కోసం చూస్తే డబ్బాలో లేదు. పొద్దున్నే నేనే పాలమూరు తల్లికి ఇచ్చి పంపించాను. వాళ్ళు ఆ రోజే కొల్లూరులో కొత్త సైటుకి పోతున్నారు.

నల్లగొండ పిల్లకి సూది వేయించిన రోజు పాలమూరు పిల్ల ఇక్కడ లేదు. వాళ్ళమ్మ తమ్ముడి పెళ్ళికని ఎత్తుకుపోయింది. డబ్బాలో బిళ్ళలు ఊడింది, నేను మళ్ళీ అంటించింది ఆ మధ్యలోనే. తిరిగొచ్చాక నర్సమ్మ కార్డు చూసి, తట్టు సూది అయిపోయిందని పంపేసింది. ఆ కార్డు నల్లగొండ పిల్లది. అంటే పాలమూరు పిల్లకి ఒక్కసారి కూడా పడలేదు. పైగా పోయిన వారం దాకా ఆ తట్టు లేచిన పిల్లవాడితో ఒకే చాప మీద ఆడింది.

ఇప్పటి పిల్లలు తట్టంటే ఏమిటో సరిగా చూడలేదు, అందుకే భయం లేదు. నేను చూశాను. మా చిన్నప్పుడు మా ఇంట్లో వరసగా ముగ్గురం పడుకున్నాం. ఇద్దరమే లేచాం. మా చెల్లెలికి అప్పుడు రెండేళ్ళు. ఇంతకంటే ఆ మాట పొడిగించను.

ఒళ్ళో పిల్లని నర్సమ్మ చేతిలో పెట్టి గేటు వైపు పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో నేను పరిగెత్తడం చూసి మా ఆయనే సైటులో ఏదో కూలిందనుకున్నాడట. డీసీఎం బండి నిండా మంచాలు, బిందెలు, గ్యాస్ పొయ్యి, వాటి మధ్యలో పాలమూరు తల్లి, ఒళ్ళో పిల్ల. డ్రైవరు హారన్ మీద హారన్. నేను పోయి బండి ముందు నిలబడ్డాను.

"ఏందే పెద్దమ్మా, పోతుంటే గిట్ల అడ్డం అచ్చినవ్?"

"దిగు బిడ్డా. పిల్లకు తట్టు సూది పడలె."

"పడలేదా? నర్సమ్మనే జెప్పె గదా పడ్డదని! కార్డుల రాసి ఉన్నది."

"గా కార్డు నీ బిడ్డది కాదే. నల్లగొండోళ్ళ పిల్లది. బిళ్ళలు నేనే తారుమారు జేసిన."

అప్పటికే చుట్టూ పదిమంది చేరారు. నమ్మి కార్డులిచ్చినవాళ్ళ ముందే ఆ మాట చెప్పాల్సి వచ్చింది. వాళ్ళకేం, నవ్వులు.

"ఈమెకు అన్నీ యాదుంటయని ఇస్తిమి గదనే!"

"పెద్దమ్మా, నా కొడుకు కార్డు గూడ జర జూడు. మేక సూది గిట్ల ఏపిచ్చినవా ఏంది?"

పాలమూరు తల్లి మాత్రం నవ్వలేదు. "ఒకపారి పడ్డదంటరు, ఒకపారి పడలేదంటరు. మళ్ళ ఏస్తే రెండుసార్లయితే? కొత్త జాగల జరమొస్తే ఎవలు జూస్తరు?" అంది. ఆమె మొగుడు ముందు సీట్లోంచి, "మేస్త్రీ ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండు, కూసో" అన్నాడు.

"బిడ్డా, ఒక్క ముచ్చట జెప్పు" అన్నాను. "సూది పడ్డప్పుడల్లా నువ్వు పొద్దుగూకినంక నా తానికి అచ్చి పిల్ల జరానికి తడిగుడ్డ అడుగుతవ్. నెలన్నరకు అడిగినవ్. రెండున్నర నెలలకు అడిగినవ్. మూడున్నర నెలలప్పుడు గుడ్డ ఉతకక అట్లనే తెచ్చిచ్చినవ్. తొమ్మిది నెలలకు అడిగినవా?"

ఆమె నా వైపు చూడలేదు. పిల్ల చొక్కా చెయ్యి పైకి లాగి భుజం చూసుకుంది. లోపల్లోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"అడగలె" అంది మెల్లగా. "గప్పుడు మేం ఊర్లనే ఉంటిమి."

ఈలోగా నర్సమ్మ ఒక చేతిలో నల్లగొండ పిల్ల, ఇంకో చేతిలో మందుల డబ్బాతో వచ్చింది. "ఇంకోసారి పడ్డా నష్టం లేదమ్మా. ఒక్కసారి గూడ పడకుంటెనే కష్టం. కొల్లూరుల గూడ బుధవారం ఏస్తరు, కానీ పక్కనే తట్టు లేచింది. వారం ఎందుకు ఆగుడు? ఇయ్యాల్నే ఏస్కోని పో. జరమొస్తే అక్కడి నర్సుకు కార్డు చూపియ్యి, చాలు."

పాలమూరు తల్లి పిల్లని నాకందించి, బిందె మీద కాలు పెట్టి దూకింది. మొగుడు కూడా దిగి వచ్చి పిల్ల కాళ్ళు పట్టుకున్నాడు. నర్సమ్మ ఈసారి తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు మూడూ పైకి చదివి, వాళ్ళు అవునన్నాకే సూది తీసింది. పిల్ల గావుకేక పెట్టింది. నాకు ఆ ఏడుపు ఎంత చల్లగా వినిపించిందో! రెండు కార్డులూ సరిచేసి, పాలమూరు పిల్ల కార్డు తల్లి చేతికే ఇచ్చింది. ఆమె దాన్ని పిల్ల బట్టల మూటలో, బాగా లోపలికి దోపుకుంది.

"ఇగ పోదాం పా" అన్నాడు మొగుడు. అందరూ బండెక్కారు. డ్రైవరు ఎక్కలేదు. ఇందాకటి నుంచి హారన్‌తో మా చెవులు పగలగొట్టినవాడు నర్సమ్మ పక్కన చేరి, చేతులు నలుపుకుంటున్నాడు.

"మేడం, మాది వికారాబాద్ దిక్కు. నా బిడ్డకు మూడేండ్లు. గిది పడ్డదో లేదో నాకు ఎర్కలేదు. మా ఊర్ల గూడ గిదే ఏస్తరా?"

"రాష్ట్రమంత ఇదే సూది అన్నా. పైసలు గూడ లేవు. పడకుంటే ఇప్పుడన్నా ఏస్తరు. ఇంటికి ఫోన్ చేసి కార్డు చూడుమను."

అంతే, అక్కడే ఫోన్ తీశాడు. "కార్డు ఏడున్నదే? బీరువల జూడు. కింది అరల. చీరెల కింద జూడు. అరె, చీరెలన్నీ తీసి జూడు!"

బండిలో మేస్త్రీ దగ్గర్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. డ్రైవరు మాత్రం చెట్టు కింద అటూ ఇటూ తిరుగుతూ ఇంట్లో బీరువా అంతా వెతికిస్తున్నాడు. పాలమూరు తల్లి మంచాల మీంచి మెడ చాచి, ముందు సీటు వైపు చేయి చూపించి అరిచింది.

"అన్నా, హారన్ కొట్టాల్నా?"