రాని ఫ్రెంచ్, వచ్చిన ఉద్యోగం

డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో నా ప్రొఫైల్ తయారుచేస్తూ, గొప్పగా ఉంటుందని ‘ఫ్రెంచ్ వచ్చు’ అని చేర్చాడు. నేను చూసుకోలేదు. అది చూసి హన్మకొండలోని ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది.

అక్కడి మేడమ్ నవ్వుతూ ఫ్రెంచ్‌లో ఏదో అడిగింది.

“నాకు ఫ్రెంచ్ రాదు మేడమ్. మా తమ్ముడు రాసిండు,” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. “ఫికర్ చెయ్యకు బిడ్డా. నీకేమొస్తదో చెప్పు.”

“ఎనుమాముల మార్కెట్ల మా అబ్బాకు మిర్చి దుకాణమున్నది. రేటు పడితే పంట తెచ్చిన రైతులు కోపానికొస్తరు. నేనే నచ్చజెప్త.”

“మాకు ఇక్కడి కస్టమర్లతోని మాట్లాడెటోళ్లు గూడ కావాలె. గిది ప్రొఫైల్‌ల ఎందుకు పెట్టలే?”

నాన్నది మిర్చి దుకాణమని తమ్ముడితో రాయించడానికి సిగ్గుపడ్డాను మరి.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ప్రొఫైల్ రాసిపెట్టమంటే, ముందు ఇంట్లో ఏ పనికి సాయపడతారో అడుగుతాను.

— షాహీన్, వరంగల్