ఉప్పునీళ్ళ బకెట్టులో గుడ్డు

నేను ఆరేళ్ళుగా పనిచేస్తున్న హైస్కూలు జగ్గయ్యపేట నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరం. ఉండేది నందిగామలో. తెలుగు మేష్టర్ని. పొద్దున బస్సులో కూర్చున్నాక ఫోనులో వెతికి, ఆ రోజుకి తగిన తిండి సంగతి ఒకటి పట్టుకుని, ప్రార్థన అయ్యాక మైకులో పిల్లలకి చెప్పడం నాకు నేనే పెట్టుకున్న పని. ఎవరూ అడగలేదు. నోటి దురద, అంతే.

పిల్లలు ఇష్టంగానే వినేవాళ్ళు. టొమాటో, బంగాళాదుంప మన పాతకాలం వంటిళ్ళలో లేనే లేవంటే నోళ్ళు తెరిచేవాళ్ళు. మిరపకాయ కూడా మనది కాదని, అయిదొందల ఏళ్ళ కిందట పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిందని, అంతకుముందు మనవాళ్ళు కారానికి మిరియాలే వాడేవాళ్ళని ఒకరోజు చెప్పా. మర్నాడు పెనుగంచిప్రోలు వైపు మూడెకరాలు మిర్చి వేసిన ఒక తండ్రి బడికే వచ్చేశాడు. "మిరపకాయ మనది కాదన్నారంట. మరి కల్లంలో నేను ఎండబోసుకుంది ఎవరిదండి?" అని అడిగాడు. స్టాఫ్ రూములో అందరం నవ్వుకున్నాం. నేను పొద్దున మైకులో అన్న మాట సాయంత్రానికి ఇళ్ళల్లోకి వెళ్తోందని అప్పుడే తెలిసింది. తెలిసి పొంగిపోయా. భయపడాల్సింది, పడలేదు.

అక్టోబరులో రెండో శుక్రవారం ప్రపంచ గుడ్ల దినోత్సవం. మా బడి పిల్లలకి మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది కాబట్టి ఆ రోజు సరుకు బాగానే దొరికింది. కోడిని మొదట మచ్చిక చేసింది మన ఆసియా అడవుల్లోనేనని, అదీ గుడ్ల కోసం కాదు, పందేల కోసమే అంటారని చెప్పా. పెద్ద క్లాసుల మగపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి ఉబ్బి, రాసుకోని ముక్క ఒకటి కలిపా. "గుడ్డు మంచిదో కాదో తెలియాలంటే నీళ్ళలో వెయ్యండి. మునిగితే మంచిది. తేలితే పాడైనట్టు."

పదకొండు దాటకముందే ఎనిమిదో తరగతి పిల్లలు వంటగది వెనక గుడ్ల అట్టలోంచి ఒకటి తీసి, అక్కడే ఉన్న బకెట్టు నీళ్ళలో వేశారు. తేలింది. ఇంకోటి వేశారు, అదీ తేలింది. పది వేస్తే పదీ తేలాయి. ఎవరి ఫోనో తెలియదు గాని వీడియో ఊరి గ్రూపులోకి ఎక్కేసింది. పిల్లలకి కుళ్ళిన గుడ్లు పెడుతున్నారని కింద రాత.

మా వంటమ్మకి యాభై దాటి ఉంటాయి. చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది. పత్తి తీతలకి వెళ్ళేది, మోకాళ్ళు అరిగాక ఇక వంగలేక ఈ పనిలో చేరింది. ఈ వంట పోతే ఆమెకి ఇంకో పని లేదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తల్లిదండ్రుల కమిటీ పెద్దకి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే రెండేళ్ళ నుంచి ఆ వంట తనవాళ్ళకి ఇప్పించుకోవాలని చూస్తున్నాడు.

నేను పరుగున వెళ్ళేసరికి ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల గంజి పొంగి పొయ్యి మీద పడుతోంది, చూసుకోవట్లేదు. నన్ను చూడగానే "అయ్యి ఉప్పునీళ్ళండి సార్" అంది.

"నువ్వు కాసేపు ఊరుకోమ్మా" అన్నా.

కసిరినట్టే అన్నా. నా చెవిలో వీడియో తప్ప ఇంకేమీ లేదు. హెడ్‌మాస్టరు పిలిచి ఆ మైకు మాటలు ఎందుకు చెప్పావంటే ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా. ఆమె వెనక్కి తిరిగి పొంగుతున్న గంజి గిన్నె దించడానికి వెళ్ళింది.

పన్నెండున్నరకి కమిటీ పెద్ద పదిహేను మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. హెడ్‌మాస్టరు మేడం అప్పటికే మండలం ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆఫీసరు రెండింటికి వస్తాడు, అప్పటిదాకా గుడ్లు ఉడకెయ్యొద్దు, ఎవరూ ముద్ద ముట్టొద్దు. పిల్లలు కంచాలు పట్టుకుని వరండాలో బారుగా కూర్చున్నారు. ఆరో తరగతి వాళ్ళు ఆకలికి నీరసపడి గోడకి జారబడ్డారు. సాంబారు వాసన వస్తూనే ఉంది.

"ఇప్పుడే రాసియ్యండి మేడం, ఈమె రేపట్నుంచి రాదని" అన్నాడు కమిటీ పెద్ద.

"ఆఫీసరు గారిని రానియ్యండి" అంది మేడం.

"నిప్పు లేందే పొగ రాదండీ. మీ సారే కదా చెప్పింది మైకులో? సార్, అందరి ముందూ మీ చేత్తో ఒకటి వెయ్యండి, చూస్తారు" అన్నాడాయన నావైపు తిరిగి.

వెయ్యనంటే వంటమ్మని వెనకేసుకొచ్చినట్టు, వేస్తే ముంచినట్టు. అట్టలోంచి గుడ్డు తీసి బకెట్టులో మెల్లగా వదిలా. నీళ్ళలో ఉన్న నా బొటనవేలు భగ్గుమంది. పొద్దున బస్సు తలుపు రేకుకి గీసుకుపోయిన చోట కారం రాసినట్టు మండింది. గుడ్డు తేలుతోంది. జనం చూపంతా గుడ్డు మీదే ఉంది.

అప్పుడు బుర్రకెక్కింది వంటమ్మ అన్న మాట. రెండొందల మందికి వండేవాళ్ళు కల్లుప్పుని నేరుగా వెయ్యరు. అందులో మట్టీ ఇసకా ఉంటాయని ముందే బకెట్టులో కరగబెట్టి, అడుగు తేరాక పైనీళ్ళు మగ్గుతో ముంచి కూరల్లో పోస్తారు. మా ఇంట్లో పెళ్ళి వంటలప్పుడు కూడా చూశా. అంత ఉప్పు కరిగిన నీళ్ళలో ఇవాళ పెట్టిన గుడ్డయినా తేలుతుంది.

ఇక్కడొకటి దాచకుండా రాయాలి. తెలిశాక కూడా నేను వెంటనే నోరు విప్పలేదు. చెప్తే నేను పొద్దున చెప్పింది సగం చదువని పిల్లలకీ ఊరికీ తేలిపోతుంది. చెప్పకపోతే ఆఫీసరే కనుక్కుంటాడులే, కనుక్కోకపోతే నా తప్పేముంది అనిపించింది. వంటమ్మ నావైపు కాదు, నేలవైపు చూస్తోంది. అది చూశాక సిగ్గేసింది.

వేలు నాలిక మీద పెట్టుకుని, "ఇవి ఉప్పునీళ్ళండి" అన్నా. "కావాలంటే మీరూ రుచి చూడండి."

కమిటీ పెద్ద చూడలేదు. పక్కనున్నాయన వేలు ముంచి నాకి, మొహం చిట్లించి ఉమ్మేశాడు. కుళాయి దగ్గర ఇంకో బకెట్టు నింపి నేనే మోసుకొచ్చా. మొదటి గుడ్డు వేశా, మునిగింది. రెండోది మునిగింది. మూడోది అడుగుకి వెళ్ళి మొన మీద నిలబడింది. ఎవరో "అదిగో" అన్నారు. వంటమ్మ వచ్చి దాన్ని తీసి, చెవి దగ్గర ఆడించి, కంచం అంచుకి కొట్టి పగలగొట్టింది. పచ్చసొన గుండ్రంగా కూర్చుంది. వాసన లేదు.

"వారం దాటిందండి, అంతే. చెడినయ్యి పొద్దున్నే ఏరేస్తా" అంది. ఏరి పక్కన పెట్టిన నాలుగు గుడ్లు కిటికీలో ఉన్నాయి. అప్పటిదాకా ఎవరమూ అటు చూడలేదు.

"ఉప్పునీళ్ళయితే ఆ మాట ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు కమిటీ పెద్ద.

ఆమె నన్ను చూసింది. చెప్పాననలేదు. నాకది ఇప్పటికీ అర్థం కాదు, ఎందుకు అనలేదో.

"చెప్పిందండి. నాకే చెప్పింది. నేనే నోరు ముయ్యించా" అన్నా.

ఆఫీసరు వచ్చి, చూసి, రాసుకుని వెళ్ళిపోయాడు. వంట ఆమెకే ఉంది. రెండున్నరకి వడ్డించారు. పిల్లలు అన్నం గబగబా తిన్నారు గాని, సగానికి సగం మంది గుడ్డు కంచం పక్కన పెట్టేశారు. వీడియో చూసిన పిల్లలకి కుళాయి నీళ్ళ సాక్ష్యం ఆనలేదు. ఆమె బేసిన్ పట్టుకుని వరస వెంట నడుస్తూ, వదిలేసినవన్నీ ఏరుకుంది. ఒక్కరినీ తినమని అడగలేదు. అది చూడటం నాకు కష్టమైంది.

అందరూ వెళ్ళాక వంటగదిలోకి వెళ్ళా. గిన్నెలు తోముతోంది. "తప్పయిందమ్మా, ఏమీ అనుకోకు" అన్నా.

"నాకు చెప్తే ఏం లాభం సార్? పిల్లకాయలు తినాలిగా. మీరు మైకులోనే అన్నారు. సోమవారం మైకులోనే చెప్పండి."

"చెప్తా. తప్పకుండా చెప్తా."

"వంటమ్మ అని కాదు. వీడియోలో వంటమ్మ అనే తిట్టారు. నా పేరు పెట్టి చెప్పండి."

సరేనని తలూపి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయా. ఆరేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నా. మిరపకాయ ఏ ఓడెక్కి వచ్చిందో తెలుసు, కోడి ఏ అడవిలోదో తెలుసు. వెనక్కి తిరిగి, "మీ పేరేంటండీ" అని అడిగా.

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది.