చాచా వెలుతురు చూసిన రోజు

నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది నిజామాబాద్‌లో పెళ్లి వీడియోలు తీసే ఒక పెద్దాయన. అందరూ ఆయన్ను చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మా వైపు ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే చోటికి మగ కెమెరామన్‌ను రానివ్వరు. అందుకని ఆయనకు ఒక ఆడపిల్ల కావలసి వచ్చింది. ఇంటర్ పాసై జక్రాన్‌పల్లిలో ఇంటిపట్టున ఉన్న నా సంగతి ఎవరో చెబితే, భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మీ బిడ్డకు పని నేర్పిస్త. మా బేగం తోడుంటది. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు మా బాపుతో.

బాపు నా వైపు తిరిగి, "పోతవా?" అని అడిగాడు. నేను అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాను.

మొదటి పెళ్లిలో ఒక ముసలమ్మ పరదా చాటున కళ్లు తుడుచుకుంటుంటే తీశాను. ఎంతో గొప్పగా తీశానని మురిసిపోయాను కూడా. చాచా అది చూసి చెరిపేశాడు.

"అడగకుండ ఎవ్వల మొఖం మీద కెమెరా పెట్టొద్దు బేటీ. నమ్మి లోపలికి రానిచ్చిండ్రు మనల్ని."

ఆ తర్వాత అడిగే తీశాను. అడిగితే నవ్వి, పక్కన చోటిచ్చి, చేతిలో మిఠాయి గిన్నె పెట్టేవారు. కిటికీలోంచి పడే వెలుగులో ముఖం ఎలా మారుతుందో నేను చూసింది ఆ గదుల్లోనే.

ఎనిమిదేళ్లు అలా గడిచాక, పెళ్లిళ్లు లేని రోజుల్లో నా సొంత సినిమా ఒకటి మొదలుపెట్టాను. రాసింది, తీసింది నేనే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా, రోజూ సైకిల్ మీద దాని గేటు దాకా వెళ్లి వచ్చే ఒక ముసలి కార్మికుడి కథ. ఆ వేషం చాచానే వేయాలని పట్టుబట్టాను.

ఒప్పుకున్నాడు గానీ, ఆయనకు కెమెరా ముందు నిలబడటం రాదు. మాట మధ్యలో ఆపి, "మబ్బు వస్తున్నది, జర ఆగు," అనేవాడు. గేటు ముందు నిలబడి బాధపడవలసిన చోట, నేను కెమెరా సరిగ్గా పట్టుకున్నానో లేదో చూసేవాడు. మూడు రోజులు అంతే.

నాలుగో రోజు పొద్దున నాకొక ఉపాయం తోచింది. "చాచా, మీరు రెస్ట్ తీసుకోండ్రి. తీస్తలేను. వెలుతురు ఎట్లున్నదో జర చూసి చెప్పుండ్రి," అన్నాను. కెమెరా మాత్రం ఆపలేదు.

ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశాడు. చూపు మెల్లగా దిగి ఫ్యాక్టరీ పొగగొట్టం మీద ఆగింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి ఇటు తిరిగి, "మంచిగున్నది, తియ్యి," అన్నాడు.

అప్పటికే తీసేశాను.

ఎడిటింగ్ అయ్యాక చాచాకు చూపించాను. ఆ షాట్ రాగానే ముందుకు వంగాడు. "గిది నేను యాక్టింగ్ చేసింది కాదు గద?"

"కాదు చాచా."

టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, మా చాచీ, నాకు టీ ఇచ్చి, ఆయన పక్కన కూర్చోబెట్టింది.

"తప్పయింది. ఆ ముక్క తీసేస్త," అన్నాను.

ఆయన తన టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అబ్బా గా ఫ్యాక్టరీలనే పనిచేసిండు. చిన్నప్పుడు టిఫిన్ పట్కొని గేటు కాడ నిలబడేటోణ్ణి. పొగ వస్తుంటే అబ్బా లోపలున్నడని ధైర్యం. ఆ దినం గదే యాదికొచ్చింది." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు అడిగితే వద్దంటుంటినా?"

నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడు అడుగుతున్న చాచా. ఉంచనా?"

"ఉంచు."

తర్వాత ఆ సినిమా రెండు మూడు నగరాల్లో ఆడింది. నాకు ఇంకో రెండు సినిమాలు తీసే ధైర్యం వచ్చింది. ఆ షాట్ ఎలా తీశావని ఎవరైనా అడిగితే, తప్పు చేసి తీశానని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

కానీ మొదట వేసింది బోధన్‌లో ఒక ఫంక్షన్ హాల్లో. నేను పెళ్లిళ్లు తీసిన ఇళ్ల ఆడవాళ్లంతా పిల్లలతో వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. చాచా తెర మీద కనబడగానే ఈలలు పడ్డాయి. ఆయన సిగ్గుతో బయటికి పోయి, తలుపు దగ్గర నిలబడి చూశాడు.

అయిపోయాక చాచీ నా చెయ్యి పట్టుకుంది. "ఊరోళ్ల పెండ్లిళ్లన్నీ ఈయనే తీసిండు. మా పెండ్లికి ఒక్క ఫోటో కూడ లేదు. గిది నా ఫోన్ల ఏసియ్యి బిడ్డా."

మర్నాడే వేసిచ్చాను. ఆమె ఇప్పటికీ మిగతాదంతా దాటేసి, ఆయన ఉన్నచోట్లే చూస్తుంది.